ఓల్డేజ్ హోమ్ పోస్టింగ్‌లో మామ్మ కొడుకుని అనేశాను... ఇప్పుడు "పర్సనల్ వాల్యూస్" మీద రిఫ్లెక్షన్ రాయమన్నారు, ఏం రాయాలి?

గోదారిపిల్ల_నర్సింగ్ | ఆదివారం రాత్రి 10:18

అక్కలూ అన్నలూ నమస్తే, ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ పోస్ట్ పెట్టలేదు, కొంచెం పెద్దగా ఉంటుంది ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేను బీఎస్సీ నర్సింగ్ ఫైనల్ ఇయర్. కమ్యూనిటీ పోస్టింగ్‌లో భాగంగా మా బ్యాచ్‌లో ఎనిమిది మందిని రెండు వారాలు ఒక వృద్ధాశ్రమానికి వేశారు. 34 మంది ఉంటారు, అందులో పదకొండు మంది మంచం మీదే. పొద్దున్న 8 కల్లా వెళ్ళి బీపీలు షుగర్లు చూడటం, స్నానాలు, బ్యాక్ కేర్, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, టిఫిన్లు తినిపించడం.

నాకిచ్చిన మామ్మకి 81 ఏళ్ళు. షుగర్ ఉంది, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక నడక పోయింది. మతిమరుపు మొదలైంది కానీ మరీ అంత కాదు, పొద్దుటిపూట నన్నే పాఠం అడుగుతుంది, సాయంత్రం అయ్యేసరికి మాత్రం "పెద్దోడు వచ్చాడా, గేటు తీశారా" అని మొదలెడుతుంది. పెద్దోడు అంటే ఆవిడ పెద్ద కొడుకు, పోయి తొమ్మిదేళ్ళు అయిందట. ఉన్నది చిన్నోడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా నాయనమ్మ మా ఇంట్లో మూడేళ్ళు మంచంలో ఉండి పోయింది. మా అమ్మే అన్నీ చేసింది, ఒక్క పుండు పడలేదు ఒంటి మీద. అందుకే నాకు చిన్నప్పటి నుంచీ కన్నవాళ్ళని ఆశ్రమంలో పడేయడం అంటే పాపం అనే ఉంది, ఇప్పటికీ ఉంది.

గురువారం ఆ చిన్న కొడుకు వచ్చాడు. ఐదు నెలల తర్వాతట. చేతిలో ఒక సంచీ బత్తాయిలు. పావుగంట కూర్చున్నాడు అందులో పది నిమిషాలు ఫోనే. నాకు ఎక్కడో కాలింది. "సార్ అమ్మకి షుగర్ 260 ఉంది, ఈ పళ్ళు ఏం చేసుకుంటుంది, ఐదు నెలలకోసారి వచ్చి సంచీ ఇచ్చేసి పోతే అయిపోద్దా, రోజూ సాయంత్రం మీ కోసం గేటు వైపే చూస్తుంది తెలుసా మీకు" అనేశాను. అందరి ముందూ. ఆయన ఏమీ అనలేదు, "సరేనమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు.

మామ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను రాగి జావ తీసుకెళ్తే గ్లాసు తోసేసింది. "నా కొడుకుని అనడానికి నువ్వెవతివే" అంది. శుక్ర శని రెండ్రోజులూ నా చేత్తో ఒక్క ముద్ద తినలేదు, నా ఫ్రెండ్ పెడితే తింది. మా క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ మేడం తిట్టలేదు గానీ "నీ పర్సనల్ వాల్యూస్ ఏంటి, అవి నీ పేషెంట్ కేర్ మీద ఎలా పడ్డాయి" అని రెండు పేజీలు రాసుకు రమ్మన్నారు. నేను అబద్ధం ఏం చెప్పలేదు కదా? నిజంగా నాది తప్పేనా?

రాజమండ్రి_రాజు | ఆదివారం రాత్రి 10:41

శభాష్ చెల్లీ, కరెక్ట్‌గా గడ్డి పెట్టావ్. ఇలాంటోళ్ళ మీద 2007 చట్టం ఉంది, తల్లిదండ్రుల పోషణ చట్టం, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో కేసు వేస్తే నెలకి పది వేల దాకా కట్టిస్తారు, గాలికొదిలేస్తే మూడు నెలల జైలు కూడా ఉంది. ఎల్డర్ లైన్ 14567 కి ఫోన్ కొట్టు.

వార్డ్_నం_7 | ఆదివారం రాత్రి 11:05

రాజుగారూ ఆవేశం తగ్గించండి. ఆ చట్టంలో మీరన్న సెక్షన్ 24, చూడాల్సిన మనిషిని పూర్తిగా వదిలించుకుందామని ఎక్కడో వదిలేసి పోయినవాళ్ళకి. ఈయన హోమ్‌లో చేర్చాడు, నెలనెలా ఫీజు ఎవరో ఒకరు కడుతుంటేనే కదా ఆవిడ అక్కడుంది. పైగా ఆవిడ కంప్లైంట్ చేసిందా? కొడుకుని అంటే నోటి దగ్గర జావ తోసేసిన మనిషి ఆర్డీవో ఆఫీసుకి వెళ్తుందా?

చెల్లీ, నేను గవర్నమెంట్ హాస్పిటల్‌లో పద్నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుని. ముందు చిన్న విషయం, బత్తాయి తొనలుగా ఒకటి తింటే కొంప మునగదు, జ్యూస్ తీసి చక్కెర వేసి గ్లాసులకి గ్లాసులు తాగిస్తేనే ఇబ్బంది. ఆ 260 ఫాస్టింగా, తిన్నాక చూసిందా అది కూడా నువ్వు రాయలేదు. అంటే నీకు ఆ టైమ్‌లో షుగర్ గురించి బాధ లేదు, ఆయన్ని అనడానికి షుగర్ దొరికింది అంతే. కోప్పడకు, నేనూ చేశాను ఇలాంటివి.

గోదారిపిల్ల_నర్సింగ్ | ఆదివారం రాత్రి 11:12

తిన్నాక చూసింది అక్కా 😔 నిజమే, అది రాయాలని కూడా తట్టలేదు.

లెస్టర్_లక్ష్మి | సోమవారం ఉదయం 5:50

ఇక్కడ నైట్ డ్యూటీ బ్రేక్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నేను యూకేలో నర్సింగ్ హోమ్‌లో చేస్తున్నా, మా దగ్గరకి ప్లేస్‌మెంట్‌కి వచ్చే స్టూడెంట్స్‌ని చూసే డ్యూటీ కూడా నాదే. ఇక్కడ ఎన్ఎంసీ (ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్) కోడ్‌లో 20.7 అని ఒక పాయింట్ ఉంది, నీ రాజకీయం, నీ మతం, నీ నీతి నమ్మకాలు పేషెంట్ల మీద తగని పద్ధతిలో చూపించొద్దు అని. నమ్మకాలే ఉండకూడదు అని మాత్రం ఎక్కడా లేదు.

నా కథ చెప్తా. మా నాన్న తాగి తాగి పోయాడు. ఇల్లంతా అదే గొడవ, మందు వాసనొస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇక్కడ నాకు ఒక తెల్ల తాత ఉండేవాడు, తొంభై దాటాయి, రోజూ రాత్రి ఒక పెగ్గు విస్కీ. డాక్టర్ ఓకే అన్నాడు, చార్ట్‌లో రాసుంది, తాతకి బుర్ర శుభ్రంగా పనిచేస్తుంది. ఇక్కడ మెంటల్ కెపాసిటీ యాక్ట్ అని 2005 ది ఉంది, దాని ప్రకారం మనిషికి సొంత నిర్ణయం తీసుకునే శక్తి ఉందనే ముందు అనుకోవాలి, మనకి తెలివితక్కువగా కనిపించే నిర్ణయమైనా సరే ఆయనదే. ఇదంతా నేను పరీక్షలో రాసి పాసయ్యా. కానీ పోసేటప్పుడు నా చెయ్యి సగం దగ్గరే ఆగిపోయేది. మూడు వారాలు అలా సగం పెగ్గే పోశా, నాకే తెలియకుండా. ఒకరోజు తాత గ్లాసు లైటుకి ఎత్తి పట్టుకుని చూసి "మీ ఇంట్లో ఎవరు తాగేవారు?" అని అడిగాడు. నేను అక్కడే నిలబడిపోయా.

మీ మేడం అడిగేది ఇదే అనుకుంటా. ఆశ్రమం పాపమా పుణ్యమా అనే వ్యాసం ఆవిడకి వద్దు. ఆ నమ్మకం నీ ఒంట్లో ఎక్కడ పని చేసిందో రాయి. ఆయన రాగానే కుర్చీ వేశావా? అమ్మ ఎలా ఉందో నీ అంతట నువ్వు చెప్పావా? మిగతావాళ్ళ చుట్టాలు వస్తే చెప్తావు కదా?

గోదారిపిల్ల_నర్సింగ్ | సోమవారం మధ్యాహ్నం 1:30

లక్ష్మి అక్కా... కుర్చీ వెయ్యలేదు. ఆయనే పక్క మంచం దగ్గర స్టూల్ లాక్కున్నాడు. నేను బీపీ ఆపరేటస్ సర్దుకుంటూ చూడనట్టు ఉన్నా.

అమ్మకొడుకు_78 | సోమవారం రాత్రి 9:20

నేను నర్సుని కాదు, మా ఆవిడ నర్సు, ఆవిడ లాగిన్ పక్కన ఈ థ్రెడ్ చూసి నా పాత అకౌంట్ తీశాను. నేను ఆ బత్తాయిల కొడుకు లాంటివాడిని. మా నాన్నని హోమ్‌లో పెట్టి రెండేళ్ళు.

పెట్టకముందు ఏం జరిగిందో ఎవరూ అడగరు. నాన్న రాత్రి రెండింటికి లేచి గ్యాస్ తిప్పి వదిలేశాడు. రెండుసార్లు. తలుపుకి తాళం వేస్తే "దొంగలు నన్ను బంధించారు" అని కిటికీలోంచి వీధిలో అందర్నీ పిలిచేవాడు. ఏజెన్సీ నుంచి అటెండర్లని పెడితే ముగ్గురు మారారు, ఒకడిని నాన్న చెంప మీద కొట్టాడు వాడు అదే రోజు వెళ్ళిపోయాడు. మా ఆవిడది షిఫ్టుల ఉద్యోగం, నాది తిరిగే ఉద్యోగం. చివరికి పెట్టాం. మా మేనత్త ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నాతో మాట్లాడదు.

హోమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ గేటు బయట కారులో అరగంట కూర్చుంటాను. లోపలికి వెళ్ళాక ఏం మాట్లాడాలో తెలీదు, నాన్న ఒక్కోసారి నన్ను మా బాబాయి అనుకుంటాడు. ఫోన్ చూస్తాను. అవునమ్మా నేనూ ఫోన్ చూస్తాను, అక్కడ అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. పళ్ళు ఎందుకు తెస్తామంటే ఉత్త చేతులతో రావడానికి మొహం చెల్లక.

మీ మామ్మ కొడుకు నాలాంటివాడే అని నేను చెప్పలేను, నిజంగానే పట్టనివాడు అయ్యుండొచ్చు కూడా. కానీ నన్ను ఎవరైనా స్టూడెంట్ అలా అని ఉంటే నేను ఇంకో ఆరు నెలలు వెళ్ళి ఉండేవాడిని కాదు.

గోదారిపిల్ల_నర్సింగ్ | సోమవారం రాత్రి 9:58

అన్నయ్యా సారీ. మీకు కాదు, అంటే మీకు కూడా. చివరి లైన్ చదివాక అన్నం తినబుద్ధి కాలేదు. ఆయన మళ్ళీ రాకపోతే అది నా వల్లే కదా.

రాజమండ్రి_రాజు | సోమవారం రాత్రి 10:15

అన్నగారూ మీ బాధ వేరు. నేను అన్నది మీలాంటివాళ్ళని కాదు. అయినా ఐదు నెలలు అంటే ఎక్కువే, ఆ మాట మీద నేను ఉన్నా.

కరీంనగర్_సిస్టర్ | మంగళవారం ఉదయం 7:10

అందరు మన వాల్యూస్ గురించే మాట్లాడుతున్నరు, పేషెంట్లకు గూడ ఉంటయ్ వాల్యూస్, అవి మన మీద పడుతయ్, దాని గురించి ఎవ్వలు రాయరు. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసేటప్పుడు ఇట్లనే ఓల్డేజ్ హోమ్ల ఏసిన్రు. ఒక తాత ఉండె, మంచి బట్టలు, మంచి మాట. మొదటి రోజే "మీరేంటోళ్లు బిడ్డా" అని అడిగిండు. నేను దాచుకోలె, చెప్పిన. ఇగ నా చేతి నీళ్లు వద్దన్నడు. గ్లాసు ముట్టలె. పొద్దుమీకి డైపర్ మార్చేటప్పుడు మాత్రం కులం అడగలె.

నాకు ఎంత మండిందో చెప్పలేను, హాస్టల్ల కూసొని ఏడ్చిన. మా సిస్టర్ ట్యూటర్ ఏం చేసిందంటే నన్ను ఆ తాత నుంచి మార్చలె. "నిన్ను మారిస్తే ఆయన గెలిచినట్టు, నీళ్లు తాగకుంటే ఆయనకు యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తది అప్పుడు మనం ఓడినట్టు" అన్నది. నీళ్ల బాటిల్ ఆయన చేతికి అందేతట్టు పెట్టి, ఎన్ని నీళ్లు తాగిండో నేను ఇన్‌టేక్ చార్ట్‌ల రాసేదాన్ని అంతే. ఆమె పోయి తాతకు సూటిగ చెప్పింది, ఈడ మీకు సేవ చేసేది ఈ పిల్లే, మర్యాద తప్పితే ఊకునేది లేదు అని. తాత మారిండా అంటే మారలె. సినిమా కాదు గద. నేను మాత్రం ఒక్కరోజు గూడ ఆయన పొజిషన్ మార్చుడు మర్చిపోలె, అది నా మొండితనం అనుకోండ్రి.

గోదారి చెల్లె, నీ మామ్మకు కొడుకంటే ప్రాణం. అది ఆమె వాల్యూ. నువ్వు దాని మీద కాలు వెట్టినవ్.

నర్సింగ్_నోట్స్_కావాలి | మంగళవారం ఉదయం 9:02

ఫ్రెండ్స్ ఈ పర్సనల్ వాల్యూస్ రిఫ్లెక్షన్ రెడీమేడ్ పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, రేపే సబ్మిషన్

వార్డ్_నం_7 | మంగళవారం ఉదయం 9:30

నీ పర్సనల్ వాల్యూస్ వేరేవాళ్ళ పీడీఎఫ్‌లో వెతుకుతున్నావా నాయనా 😂

గోదారిపిల్ల_నర్సింగ్ | మంగళవారం సాయంత్రం 6:15

కరీంనగర్ అక్కా మీది చదివి నా సమస్య చాలా చిన్నది అనిపించింది. ఇంకో డౌట్. సాయంత్రం మామ్మ "పెద్దోడు వచ్చాడా" అంటే ఆశ్రమంలో ఆయాలు "వస్తున్నాడు మామ్మా, రేపొస్తాడు" అంటారు. నాకు అబద్ధం చెప్పడం రాదు, మా ఇంట్లో అది చాలా స్ట్రిక్ట్, మాది చర్చికి వెళ్ళే కుటుంబం. మొదటి వారం ఒకసారి "పెద్దబ్బాయి లేరు కదా మామ్మా" అని మెల్లగానే చెప్పా. అప్పుడే విన్నట్టు ఏడ్చింది, గుండెలు బాదుకుంది. అరగంటకి మర్చిపోయి మళ్ళీ "వచ్చాడా" అంది. నిజం చెప్తే రోజూ ఏడిపించాలి, చెప్పకపోతే అబద్ధం. ఏం చెయ్యాలి?

లెస్టర్_లక్ష్మి | మంగళవారం రాత్రి 11:40

ఇది ఇక్కడ కూడా తెగని గొడవ. ఒక దారి ఉంది, నేయోమీ ఫైల్ అనే ఆవిడ వాలిడేషన్ అని ఒక పద్ధతి తయారుచేసింది, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలని. అవునూ అనొద్దు కాదూ అనొద్దు, ఆ మాట వెనకున్న బెంగని పట్టుకో. "పెద్దోడు వచ్చాడా" అంటే "పెద్దబ్బాయి అంటే బాగా ఇష్టమా మామ్మా, చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?" అను. అప్పుడు నువ్వు అబద్ధమూ ఆడలేదు, చావు కబురూ మళ్ళీ చెప్పలేదు. ప్రతిసారీ పనిచేస్తుందని గ్యారంటీ లేదు. కొందరు "మాట మార్చకు, వచ్చాడా లేదా చెప్పు" అని గట్టిగా పట్టుకుంటారు.

ఇంకోటి, ఇక్కడ అల్జైమర్స్ సొసైటీ వాళ్ళది "దిస్ ఈజ్ మీ" అని ఒక చిన్న ఫారం ఉంటుంది, ఈ మనిషిని ఏమని పిలవాలి, ఏం తింటారు, దేనికి భయపడతారు, ఎవరంటే ఇష్టం ఇవన్నీ కుటుంబం చేత రాయిస్తాం. మీ దగ్గర ఒక నోట్‌బుక్ పేజీ చాలు. దానికి సమాచారం ఎవరి దగ్గరుంటుందో ఊహించు. ఆ బత్తాయిల సంచీ ఆయన దగ్గర.

అమలాపురం_ఆంటీ | బుధవారం ఉదయం 6:30

నేను ఒప్పుకోను. మా అమ్మకి నేను "నాన్న పొలానికెళ్ళాడు వచ్చేస్తాడు" అనే చెప్పేదాన్ని నాలుగేళ్ళు, హాయిగా నిద్రపోయేది. నాన్న పోయి అప్పటికి చాలా కాలం. ఈ వాలిడేషన్లూ అవీ మాకు తెలీవు, దేవుడు నన్ను ఆ అబద్ధానికి శిక్షిస్తాడంటే శిక్షించనీ.

ముంబై_తెలుగక్క | బుధవారం మధ్యాహ్నం 2:05

నేను ముంబైలో మున్సిపల్ హాస్పిటల్‌లో చేసి రిటైరయ్యాను. కేఈఎమ్ హాస్పిటల్ కాదు వేరేది, కానీ అరుణా శాన్‌బాగ్ విషయం మా నర్సులందరికీ ఇంటి విషయం లాంటిది. కేఈఎమ్‌లో నర్సుగా ఉన్న అమ్మాయి, 1973 లో వార్డ్ బోయ్ దాడి చేసి గొంతుకి కుక్క గొలుసు బిగిస్తే మెదడు దెబ్బతింది, 2015 మేలో పోయేదాకా అదే హాస్పిటల్‌లో. 42 ఏళ్ళు. చుట్టాలు రావడం మానేశారు, నర్సులే స్నానం, నర్సులే తిండి. తరాలు మారాయి గానీ బెడ్‌సోర్లు లేకుండా చూసుకున్నారని డాక్టర్లే చెప్పారు. ఆమెకి తిండి ఆపి పోనివ్వాలని ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకి వెళ్తే 2011 లో కోర్టు ఒప్పుకోలేదు, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆ హాస్పిటల్ స్టాఫ్‌దే అంది. ఆ రోజు అక్కడి నర్సులు స్వీట్లు పంచారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, అప్పట్లో మా డ్యూటీ రూమ్‌లో రెండు పార్టీలు. నేను స్వీటు తినలేదు. అలా 42 ఏళ్ళు ఉంచడం ఎవరి కోసం అనిపించేది నాకు. నా ఫ్రెండ్ నాతో వారం మాట్లాడలేదు. ఇద్దరం మళ్ళీ మా వార్డులో ఒకే పేషెంట్‌ని చెరోవైపు పట్టుకుని తిప్పేవాళ్ళం. చుట్టాల్ని మాత్రం మేమిద్దరం ఎప్పుడూ తిట్టుకోలేదు, ఎందుకో దానికి తీరికే దొరకలేదు.

ట్యూటర్_మేడం | బుధవారం సాయంత్రం 4:45

వేరే కాలేజీలో పాఠాలు చెప్తాను. తల్లీ, ల్యాంప్ లైటింగ్ రోజు కొవ్వొత్తి పట్టుకుని చదివిన ప్రతిజ్ఞ గుర్తుందా? నైటింగేల్ పేరు మీద ఉన్నా అది ఆవిడ రాసింది కాదు, 1893 లో అమెరికాలో డెట్రాయిట్‌లో నర్సుల కోసం రాశారు. అందులో పేషెంట్ సొంత విషయాలతో పాటు, పనిలో మన చెవిన పడే కుటుంబ విషయాలు కూడా గుట్టుగా ఉంచుతాను అని ఉంది. మీరంతా గడగడా చదివేస్తారు. నువ్వు వార్డులో అందరి ముందూ ఆయన ఎన్ని నెలలకి వచ్చాడో లెక్క చెప్పావు, అది కుటుంబ విషయం. ఇక్కడ మొదటి పోస్టులో ఊరి పేరు కూడా పెట్టావు, నేను మోడరేటర్‌కి చెప్పి తీయించాను.

రిఫ్లెక్షన్‌లో మీ నాయనమ్మ సంగతి రాయి, సిగ్గుపడకు. మీ అమ్మ మూడేళ్ళు చేసిందన్నావు. ఆ మూడేళ్ళలో మీ అమ్మ ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళింది, ఎన్ని రాత్రులు నిద్రపోయింది, ఆమెకి ఎవరు సాయం వచ్చారు, అది అడిగి రాయి.

మోడరేటర్ | బుధవారం సాయంత్రం 4:50

ఊరి పేరు, ఆశ్రమం పేరు తీసేశాం. పేషెంట్లని గుర్తుపట్టే వివరాలు ఎవరూ పెట్టకండి.

గోదారిపిల్ల_నర్సింగ్ | శుక్రవారం రాత్రి 9:35

రెండ్రోజులు రాలేకపోయా, సారీ. అమ్మకి ఫోన్ చేసి అడిగాను మేడం. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మీ మేనమామ పెళ్ళికి వెళ్ళలేదే నేను" అంది. నా సొంత మేనమామ పెళ్ళి. నేను కొత్త గౌను వేసుకుని నాన్నతో వెళ్ళాను, అమ్మ ఎందుకు రాలేదో ఇన్నేళ్ళూ అడగనే లేదు. "మీ నాయనమ్మని చూసుకోవాలి కదా, ఇప్పుడెందుకు అవన్నీ" అని పెట్టేసింది. అదే రాశాను రిఫ్లెక్షన్‌లో, రెండు పేజీలు అనుకుంటే నాలుగు అయ్యింది. ఆశ్రమం పాపం అనే మాట కొట్టేద్దామా అనుకున్నా, కొట్టెయ్యలేదు, ఇప్పటికీ కొంచెం అలాగే ఉంది మరి. మేడం దాని కింద గీత గీసి "సరే, ఉండనీ" అని రాశారు.

కొడుకు గారికి మేడం ఆఫీసు నుంచి ఫోన్ చేసి నాతో మాట్లాడించారు. సారీ చెప్పాను. ఆయన "పర్లేదమ్మా, అమ్మ తింటోందా" అన్నాడు. తినట్లేదు నా చేత్తో, అన్నాను. "మా అమ్మకి జావలో ఉప్పు వేస్తే నచ్చదు, మజ్జిగ పోసి చిటికెడు జీలకర్ర పొడి వెయ్యి" అన్నాడు. పెద్దన్నయ్య లారీ డ్రైవర్‌ట, రాత్రుళ్ళు లేటుగా వచ్చేవాడట, అందుకే గేటు గేటు అంటుంది. ఇవన్నీ ఒక పేజీలో రాసి మంచం పక్కన గోడకి అంటిద్దామనుకున్నా, మేడం వద్దు ఫైల్లో పెట్టు అన్నారు. మళ్ళీ వస్తానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

మజ్జిగ జావ గురువారం సగం గ్లాసు తాగింది. నాతో మాట్లాడలేదు. సాయంత్రం "పెద్దోడు వచ్చాడా" అంటే లక్ష్మి అక్క చెప్పినట్టు "లారీలో ఏం తెచ్చేవాడు మామ్మా" అని అడిగా. నా వంక చూసి "కొబ్బరికాయలు" అంది, కళ్ళు మూసుకుంది.

ఇవాళ గోరువెచ్చటి నీళ్ళ బేసిన్ తీసుకెళ్ళి గోళ్ళు తీస్తానన్నా. చేతివే, కాలి గోళ్ళు షుగర్ ఉంది కాబట్టి నన్ను ముట్టుకోవద్దన్నారు. ఎడమ చెయ్యి ఇచ్చింది. ఐదు వేళ్ళూ తీయనిచ్చి, కుడి చెయ్యి దుప్పట్లో పెట్టేసుకుని "ఇది రేపు" అంది. మా పోస్టింగ్ ఇవాళ్టితో అయిపోయింది. సోమవారం నుంచి వచ్చే బ్యాచ్ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, మూడో మంచం మామ్మకి కుడి చేతి గోళ్ళు ఉన్నాయి, జావలో ఉప్పు వెయ్యకు అని.